వద్దన్న సరుకు ఎవరి ఖాతాలో పడాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే తగాదా చుట్టూ, ముఖ్యంగా రొయ్యల అమ్మకంలో వచ్చేదాని చుట్టూ తిరుగుతున్నాయి. అమ్మినవాడు సరుకు ఇచ్చేశాను కదా అనుకుంటాడు, కొన్నవాడు రెండు మూడు రోజులయ్యాక అందులో కొంత పనికిరాలేదంటాడు, ఈలోపు ఆ సరుకు ఇద్దరి కళ్ళెదుటా ఉండదు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాం. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది కాళ్ళ మండలం. రెండెకరాల చెరువులో వనామీ రొయ్య వేశాను. పట్టుబడి రోజున ఏజెంటు గట్టు మీదే కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) తీసి, ధర ఒప్పుకొని, తన కాటా మీద తూచి, ఐసు వేసి, తన బండిలోనే సరుకు తీసుకువెళ్ళాడు. మూడో రోజు ఫోన్ చేసి, ఆరువందల కిలోల దాకా సాఫ్ట్ (పెంకు మెత్తగా ఉన్న రొయ్య) వచ్చిందనీ, మరికొంత తల నల్లబడిందనీ, కంపెనీ వాటిని వద్దన్నదనీ చెప్పి ఆ మేరకు డబ్బు కోసేశాడు. ఆ సరుకు చూపించమంటే పారబోశారన్నాడు. నేనేం చేయగలను?

జవాబు: ముందుగా సాఫ్ట్‌ను, తల నల్లబడటాన్ని విడదీసి చూడండి. ఏజెంటు రెండింటినీ ఒకే మాటలో కలిపి చెప్పినా, అవి వేర్వేరు చోట్ల, వేర్వేరు సమయాల్లో పుట్టే లోపాలు.

రొయ్య పొర విడిచిన తర్వాత కొత్త పెంకు గట్టిపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ సమయంలో వల వేస్తే సాఫ్ట్ ఎక్కువగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర పడితే పట్టుబడి వాయిదా వేసుకునే అలవాటు మన రైతులకు ఉన్నది ఇందుకే. లూజ్ షెల్ జబ్బు ఉన్న చెరువులోనైతే తిథితో నిమిత్తం లేకుండా పెంకు వదులుగానే ఉంటుంది. కారణం ఏదైనా ఆ లోపం చెరువులోనే ఉంటుంది, గట్టు మీదే కనిపిస్తుంది. క్రేటులో చెయ్యి పెట్టి, తలకు వెనక రెండో మూడో గణుపు మీద బొటనవేలితో నొక్కితే పెంకు లొత్తపడి, వేలు తీశాక కూడా ఆ లొత్త అలాగే నిలిచిపోతుంది. ఏటా వందల చెరువులు చూసే ఏజెంటు కౌంటు తీస్తున్నంతసేపూ ఆ మెత్తదనం తన చేతికి తగలలేదంటే నమ్మడం కష్టం.

తల నల్లబడటం సంగతి వేరు. రొయ్య చనిపోయాక దానిలోని ఎంజైములు గాలిలోని ఆక్సిజన్ తోడై పనిచేయడం వల్ల ఆ నలుపు వస్తుంది. ముందు తల, ఆ తర్వాత పెంకు గణుపుల అంచులు నల్లబడతాయి. ఐసు దాన్ని ఆలస్యం చేస్తుందే గాని పూర్తిగా ఆపదు. రొయ్యకు సమానమైన బరువు ఐసు పొరలు పొరలుగా వేసి, గంటల తరబడి దారిలో నిలపకుండా ప్లాంటుకు, అంటే రొయ్యలను శుద్ధిచేసి ఎగుమతికి సిద్ధంచేసే కంపెనీ కర్మాగారానికి, చేర్చినప్పుడే సరుకు తెల్లగా దిగుతుంది. మీ చెరువులో రొయ్యలకు బతికుండగానే మొప్పలు నల్లగా ఉన్నాయా, పెంకు మీద మచ్చలున్నాయా అన్నది మీకే తెలుసు. అవి లేనట్లయితే, ఈ నలుపు బండి ఎక్కిన తర్వాత పుట్టిందనే అనుకోవాలి.

ఇక చట్టం. కొనుగోలు అమ్మకాలకు మన దేశంలో ఆధారం 1930 నాటి వస్తు విక్రయ చట్టం. సరుకును పరీక్షించుకునే న్యాయమైన అవకాశం కొన్నవాడికి ఉండాలని దాని 41వ సెక్షన్ చెబుతుంది. మీ విషయంలో ఆ అవకాశం గట్టు మీదే దొరికింది, అతడు వాడుకున్నాడు కూడా. సరుకు అందుకున్నాక అమ్మినవాడి హక్కుకు విరుద్ధమైన పని చేసినా, సహేతుకమైన వ్యవధి దాటేదాకా వద్దనకుండా ఉంచుకున్నా కొన్నవాడు దాన్ని అంగీకరించినట్లే లెక్క అని 42వ సెక్షన్ చెబుతుంది. తూచి, బండికెత్తి, తన పేరు మీద ప్లాంటుకు అమ్ముకోవడం కంటే విరుద్ధమైన పని ఏముంటుంది? వేరే ఒప్పందం లేనప్పుడు యాజమాన్యం ఎవరిదో నష్టం కూడా వారిదే అని 26వ సెక్షన్ అంటుంది కాబట్టి, దారిలో నల్లబడిన రొయ్య బండి కట్టినవాడి ఖాతాలోనే పడుతుంది.

అయితే ఇంతటితో మీరు గెలిచినట్లు కాదు. సరుకు అంగీకరించిన తర్వాత కూడా, నాణ్యత లోపం వల్ల తనకు కలిగిన నష్టాన్ని ధరలోంచి తగ్గించమని అడిగే హక్కు 59వ సెక్షన్ కింద కొన్నవాడికి మిగిలే ఉంటుంది. కాకపోతే ఆ లోపం సరుకు తన చేతికి వచ్చేసరికే ఉన్నదని రుజువు చేయవలసినది అతడే. సరుకు పారబోసిన మనిషి దేన్ని చూపించి రుజువు చేస్తాడన్నది మీ పక్షాన ఉన్న అసలు బలం. మీ బలహీనత మరొకచోట ఉంది. ఉభయులూ ముందు నుంచి నడుపుకుంటున్న పద్ధతినీ, వ్యాపార వాడుకనూ 62వ సెక్షన్ గుర్తిస్తుంది. గత పంటల్లో కూడా ‘ప్లాంటు రిపోర్టు ప్రకారం’ కోత పడితే మీరు మారు మాట్లాడకుండా డబ్బు తీసుకుని ఉంటే, అదే మీ మధ్య ఒప్పందమని అతడు వాదిస్తాడు. ఆ వాదనలో పస లేదని చెప్పలేను.

ఇప్పుడు చేయవలసినది ఒక ఉత్తరం రాయడం. ఏ బండిలో ఎన్ని కిలోలు, ఏ కౌంటుకు, ఏ ధరకు ఇచ్చారో రాసి, ప్లాంటులో సరుకు దింపుకున్న సమయం, అప్పటి ఉష్ణోగ్రత, గ్రేడింగు తూకం, వద్దన్న సరుకు ఫొటోలు పంపమని అడగండి. ఎగుమతి ప్లాంట్లు ఆహార భద్రతా నిబంధనల ప్రకారం వచ్చిన ప్రతి సరుకుకూ దింపుకున్నప్పటి వివరాలు నమోదు చేసి ఉంచుకోవాలి కాబట్టి, ఆ కాగితం లేదనడం అంత తేలిక కాదు. ఒకవేళ నిజంగానే కొంత సాఫ్ట్ ఉన్నదని తేలితే, దానికి సాఫ్ట్ ధర కట్టమనండి. మెత్తటి రొయ్యకు బజారులో తక్కువ ధర పలుకుతుంది గాని ధరే పలకకపోవడం అరుదు. ఆరువందల కిలోలనూ సున్నాకు కొట్టేయడం నాకు ఈ తగాదాలో అన్నిటికంటే అనుమానంగా తోస్తున్న అంశం.

ప్రశ్న: మా తమ్ముడు ఉద్యోగరీత్యా స్కాట్లండ్‌లో ఉంటున్నాడు. అక్కడ అనుమతులు తీసుకుని జింకల వేట నేర్చుకున్నాడు. వేటాడిన జింకలను మాంసం డీలరుకు ఇస్తాడు. ఈమధ్య ఇచ్చిన వాటిలో రెండింటిని తనిఖీలో తిరస్కరించారనీ, వాటికి డబ్బు రాదనీ డీలరు సందేశం పంపాడట. వాటిని చూడనివ్వలేదట. ఇక్కడ రొయ్యల దగ్గర జరిగేదే అక్కడా జరుగుతున్నట్లుందని అడుగుతున్నాను. – అమలాపురం నుంచి ఒక అక్క

జవాబు: ముందు ఒక జాగ్రత్త. ఇక్కడ చెప్పేదంతా ఆ దేశానికే వర్తిస్తుంది. మన పాపికొండల అడవిలో దుప్పిని గాని కణుజును గాని వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఆ మాంసం దగ్గర ఉంచుకోవడమూ నేరమే. బ్రిటన్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఆరు జాతుల జింకలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి, వాటిని తినే పెద్ద మృగాలు ఏనాడో అంతరించాయి. అడవులూ పంటలూ దెబ్బతినకుండా వాటి సంఖ్యను వేట ద్వారా అదుపులో ఉంచుతారు, ఆ మాంసం చట్టబద్ధంగా బజారుకు వస్తుంది.

మీ తమ్ముడి తగాదా రొయ్యల తగాదాను పోలినదే గాని, అందులో మన దగ్గర లేని మనుషులు ఇద్దరున్నారు. మొదటివాడు శిక్షణ పొందిన వేటగాడు. జింకను కొట్టిన తర్వాత అక్కడికక్కడే పేగులూ కడుపూ తీసి, ఊపిరితిత్తులు, కాలేయం, శోషరస గ్రంథులు పరిశీలించి, చనిపోకముందు దాని నడకలో గాని ప్రవర్తనలో గాని తేడా ఏమీ కనిపించలేదనీ, లోపలి అవయవాల్లో జబ్బు గుర్తులు లేవనీ సంఖ్య వేసిన ధ్రువపత్రం మీద సంతకం చేసి ఆ కళేబరానికే తగిలించాలి. వేటాడిన తేదీ, సమయం, స్థలం అందులో ఉంటాయి. రెండోవాడు ప్రభుత్వ పశువైద్యుడు. ఆమోదం పొందిన ప్లాంటులో చర్మం ఒలిచాక కళేబరాన్ని అతడు తనిఖీ చేసి, మనుషులు తినడానికి తగునో తగదో తేలుస్తాడు. పెద్ద జంతువు మాంసాన్ని 7 డిగ్రీల సెల్సియస్‌కు మించకుండా చల్లబరచాలన్నది నియమం.

అందుచేత మీ తమ్ముడు అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ రెండింటినీ వద్దన్నది ఎవరు అని. క్షయ వంటి జబ్బు గుర్తులు కనిపించో, మాంసం కుళ్ళో పశువైద్యుడు తిరస్కరిస్తే దానికి అధికారిక నమోదు ఉంటుంది. అప్పుడు డీలరు చేతిలో కూడా ఏమీ ఉండదు, ఎందుకంటే ఆ మాంసాన్ని ఆహారంగా ఎవరికీ అమ్మడానికి వీల్లేదు, నిబంధనల ప్రకారం ధ్వంసం చేయవలసిందే. చూడనివ్వలేదన్న ఫిర్యాదుకు కొంత సమాధానం ఇందులోనే ఉంది. అలా కాక, తూటా కడుపులో తగిలి పేగుల్లోని మలినం తొడ మాంసానికి అంటిందనో, భుజం అంతా నెత్తురు గడ్డకట్టి చాలా మాంసం కోసిపారేయవలసి వచ్చిందనో డీలరే నిర్ణయిస్తే, అది వ్యాపార నిర్ణయం. మొత్తం కళేబరం పోయిందా, చెడిన భాగం మాత్రమే పోయిందా అని నిలదీసి అడగవచ్చు.

రెండో ప్రశ్న సంఖ్య గురించి. తిరస్కరించినవి మీ తమ్ముడి ధ్రువపత్రాల సంఖ్యలవేనా? చలిగదిలో నలుగురు వేటగాళ్ళ జింకలు పక్కపక్కనే వేలాడుతుంటాయి. సంఖ్య చెప్పకుండా ‘రెండు పోయాయి’ అనడం సమాధానం కాదు. మూడోది ఉష్ణోగ్రత. ఇచ్చినప్పుడు ఎంత, డీలరు బండిలో ఎంత, ప్లాంటులో దిగినప్పుడు ఎంత అన్న మూడు అంకెలు దొరికితే ఆలస్యం ఎవరి దగ్గర జరిగిందో తేలిపోతుంది. ఎండాకాలంలో కొట్టిన జింకను కారు వెనక సగం పగలు ఉంచి, సాయంత్రం చలిగదిలో పెట్టి, తప్పంతా డీలరుదే అనే వేటగాళ్ళూ ఉంటారని మాత్రం మీ తమ్ముడికి మెల్లగా గుర్తుచేయండి.

చట్టం విషయంలో ఆయనకు పరాయితనం ఏమీ ఉండదు. మన 1930 చట్టం బ్రిటన్‌వారి 1893 నాటి చట్టాన్ని ఆధారం చేసుకుని రాసినదే. అక్కడ దాని స్థానంలో 1979 చట్టం వచ్చింది. పరీక్షించే అవకాశం, అంగీకారం అన్న సూత్రాలు రెండింటిలోనూ ఒకటే. ఉత్తరంతో తేలకపోతే స్కాట్లండ్ షెరిఫ్ కోర్టుల్లో 5,000 పౌండ్ల లోపు వివాదాలకు వకీలు అవసరం అంతగా లేని సరళమైన విధానం ఉంది. రెండు జింకల కోసం అంత దూరం వెళ్ళనక్కరలేదనే నా అభిప్రాయం. వచ్చే సీజనుకు ముందే డీలరుతో కోతల నియమాలు కాగితం మీద పెట్టించుకోవడం మేలు.

ఆ ధ్రువపత్రం గురించి మన రైతులకు కూడా ఒక మాట. అక్కడ ప్రతి జింకకూ ఒక సంఖ్య ఉంటుంది. ఇక్కడ మూడు చెరువుల క్రేట్లు ఒకే బండిలో ఎక్కుతాయి, ప్లాంటులో దిగేసరికి ఏది ఎవరిదో బండి డ్రైవరుకు కూడా తెలియదు. చెరువు నమోదు సంఖ్య, తేదీ రాసిన ప్లాస్టిక్ చీటీని క్రేటు చెవికి కట్టడానికి అయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. దీన్ని ఎందుకు ఎవరూ పట్టుబట్టి అడగరో నాకు అర్థం కాదు.

ప్రశ్న: పట్టుబడికి ముందు పరీక్షలో మా రొయ్యల్లో యాంటీబయాటిక్ లేదని వచ్చింది. సరుకు తీసుకున్నాక ప్లాంటువారు తమ పరీక్షలో నైట్రోఫ్యూరాన్ అవశేషం కనపడిందని, ఒక్క రూపాయి కూడా ఇవ్వమంటున్నారు. మేము అలాంటి మందు ఏదీ వాడలేదు. – ఉండి మండలం

జవాబు: మీరు వాడలేదన్న మాటను నమ్మే ఈ సమాధానం రాస్తున్నాను. వాడి ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లు మన దేశంలోనే ఆక్వా సాగులో నిషిద్ధం, వాటికి అనుమతించిన మోతాదు అంటూ ఏదీ లేదు. యూరప్ అయితే తన చర్య పరిమితిని 2022 నవంబరు నుంచి ఇంకా బిగించింది. కిలో మాంసంలో క్లోరాంఫెనికాల్ 0.15 మైక్రోగ్రాములు, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు 0.5 మైక్రోగ్రాములు చేరితే సరుకు నిలిపివేస్తారు. పైగా మన దేశపు సాగు రొయ్యల్లో సగం సరుకును రేవులోనే పరీక్షించే నియమం 2016 నుంచి అక్కడ అమలయింది. ప్లాంటువారి భయం ఉత్తుత్తిది కాదు.

అయినా వారి రిపోర్టును ఉన్నదున్నట్లు ఒప్పుకోనక్కరలేదు. పట్టుబడికి ముందు ఎంపెడా (కేంద్ర ప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ప్రయోగశాలలో చేసేది ఎలీసా పరీక్ష, అది వడపోత కోసం, అంటే అనుమానమున్న సరుకును వేరుచేయడం కోసం ఉద్దేశించినది. ప్లాంటువారు చేసినదీ ఎలీసాయే అయితే, రెండు వడపోతలు ఎదురుబొదురుగా నిలబడ్డాయే గాని ఏదీ తుది మాట కాదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో నిర్ధారణ పరీక్ష చేయించమని అడగండి. ఏ అవశేషం వచ్చిందో కూడా పేరుతో అడగండి. సెమీకార్బజైడ్ అన్నది నైట్రోఫ్యూరాన్‌లలో ఒకటైన నైట్రోఫ్యూరజోన్ వాడకానికి గుర్తుగా తీసుకునే పదార్థం, కాని కొన్ని రొయ్య, పీత జాతుల పెంకులో అది సహజంగానే కనబడుతుందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అందువల్ల నమూనాను పెంకు ఒలిచిన మాంసం నుంచే తీశారా అన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ నమూనా మీ చెరువు సరుకుదేనని చూపే లాట్ సంఖ్య కావాలి. నాలుగు చెరువుల రొయ్యలు కలిపేసిన టబ్బులోంచి తీసిన నమూనాకు మిమ్మల్ని ఒక్కరినే బాధ్యులను చేయడం చెల్లదు.

ఇంకొక సంగతి. సరుకును వెనక్కి ఇస్తున్నారా, తమ దగ్గరే ఉంచుకున్నారా? తిరస్కరించిన సరుకును మీ ఇంటికి మోసుకొచ్చి ఇవ్వవలసిన బాధ్యత 43వ సెక్షన్ ప్రకారం వారికి లేదు, వద్దన్నామని తెలియజేస్తే చాలు. కాని వద్దన్న సరుకును మరొక దేశం ఆర్డరులోకి మళ్ళించి ఉంటే వారు వద్దన్నట్లే కాదు, అమ్ముకున్నట్లు. డబ్బు ఇవ్వవలసిందే.

ప్రశ్న: అందరూ ఏజెంట్లనే తిడతారు. ప్లాంటు మాకు కోత పెడితే ఆ నష్టం మేమెక్కడి నుంచి తేవాలి? – భీమవరం నుంచి ఒక కమీషన్ ఏజెంటు

జవాబు: మీ మాటలో న్యాయం ఉంది. అయితే మీరు ముందు తేల్చుకోవలసినది ఒకటుంది. మీరు ప్లాంటు తరఫున కొంటున్నారా, మీ సొంతానికి కొని ప్లాంటుకు అమ్ముతున్నారా? ప్లాంటు తరఫునైతే ఆ సంగతి గట్టు మీదే రైతుకు చెప్పి, ప్లాంటు పేరు మీదే చీటీ రాయండి. అప్పుడు రైతు వాళ్ళనే అడుగుతాడు. సొంతానికైతే కిలోకు మిగిలే రూపాయల్లోనే ఈ నష్టభయం కూడా ఉన్నట్లు. లాభం వచ్చిన లోడుకు వ్యాపారి, కోత పడిన లోడుకు మధ్యవర్తి అంటే కుదరదు.

రైతులు పదేపదే రాస్తున్న ఒక అనుమానాన్ని మీ ముందు పెట్టకుండా ఉండలేను. ధర బాగున్న వారంలో చేతికి తగలని సాఫ్ట్, ధర పడిపోయిన వారంలో బండ్లకు బండ్లు ఎలా పుట్టుకొస్తుంది? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పటి వంటి రోజుల్లో ఒప్పుకున్న ధర భారమవుతుంది. ఆ భారాన్ని రిజెక్టు పేరుతో దింపుకోవాలనే ఆశ ప్లాంటుకు పుట్టవచ్చు, మీకూ పుట్టవచ్చు. ధర తగ్గించాలంటే ధర అనే అడగండి. రైతు బేరమాడతాడు, కుదిరితే ఇస్తాడు. నాణ్యత మీద నింద వేస్తే మాత్రం రైతు తన చెరువును తిట్టినట్లే తీసుకుంటాడు, మళ్ళీ పంటకు మీ బండి గట్టెక్కనివ్వడు.

కాటాకు తూనికల శాఖ ముద్ర ఉండేటట్లు చూసుకోండి, తూకం చీటీ మీద రైతు సంతకంతో పాటు ‘గట్టు మీద చూసిన సాఫ్ట్ ఇంత’ అని కూడా రాయండి. ఆ ఒక్క గడి రేపు మిమ్మల్ని రెండు వైపులా కాపాడుతుంది.

ప్రశ్న: వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చా? – నరసాపురం

జవాబు: రొయ్యలు అమ్మిన డబ్బు కోసం వెళ్ళలేరు, ఎందుకంటే అక్కడ మీరు అమ్మకందారు, వినియోగదారు కాదు. సీడు (చెరువులో వేసే రొయ్య పిల్లలు) గాని మేత గాని నాసిరకంగా వచ్చి నష్టపోతే అది వేరే దారి. పంట విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. అమ్మిన సరుకు సొమ్ముకు సివిల్ కోర్టు ఒక మార్గం. దానికి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌కు పిలిపించడం చవకైన మార్గం. అక్కడ రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. వాట్సాప్‌లో వచ్చిన కోత సందేశాలను చెరిపేయకండి. ఫోన్ మార్చినా పాతదాన్ని అమ్మేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి కాబట్టి మూల సందేశం మీ దగ్గరే ఉండటం అవసరం.

ప్రశ్న: మా తగాదా రెండేళ్ళ కిందటిది. ఇప్పుడు అడగవచ్చా? – రాజోలు

జవాబు: చెల్లింపుకు గడువు పెట్టుకోకుండా ఇచ్చిన సరుకు సొమ్ముకు, సరుకు అప్పగించిన తేదీ నుంచి మూడేళ్ళలోపు దావా వేయవచ్చు. మీకు ఇంకా వ్యవధి ఉంది. ఈలోపు కొన్నవాడు బాకీలో కొంతైనా ఇచ్చి, ఇచ్చినట్లు తన చేతిరాతతో గాని సంతకంతో గాని రాసి ఉంటే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్కిస్తారు. పాత చీటీలు వెతికి, అలాంటి కాగితం ఏదైనా ఉందేమో ముందు చూసుకోండి.